కొల్లేటి నీటి ఋణము
(చేపల పెంపకపు చరిత్ర – అది నేర్పు పాఠము)

చెరువు త్రవ్వించుట సప్తసంతానములలో నొకటియని మన పెద్దలు చెప్పిరి. పుత్రుడు, నిధి, దేవాలయము, అగ్రహారము, వనము, కావ్యము – వీని సరసన తటాకమును నిలిపిరి. తటాకము త్రవ్వించినవాడు తాను పోయిన పిదప కూడ తన పేరు నిలుపుకొనునని వారి విశ్వాసము. కాని నేడు మన కొల్లేటి సీమలో చెరువనగానే స్ఫురించునది వేరు. గట్లు, తగవులు, కోర్టు వ్యాజ్యములు, కాలువలోనికి వదలిన పచ్చని మురుగునీరు మనకు జ్ఞప్తికి వచ్చును. పుణ్యకార్యమని పేరొందిన చెరువు వివాదమునకు హేతువెట్లయినది? ఆ చరిత్రను శ్రద్ధగా తెలిసికొనినచో, దానిని చక్కదిద్దు మార్గమును అందులోనే దొరకునని నా నమ్మకము.

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ఈ విషయమునే ఎంచుకొనుటకు మరియొక కారణము కలదు. 1999లో కొల్లేరు అభయారణ్యమైనది మొదలు నేటివరకు నడచిన కథ యంతయు ఇంచుమించు ఈ గ్రంథాలయపు జీవితకాలములోనిదే. ఆ వార్తలను మనము ఇచ్చటి పత్రికల బల్లపైననే చదివితిమి. ఇచ్చటి అరుగుపైననే వాదులాడితిమి. కొందరు చెరువుల పక్షము, కొందరు పక్షుల పక్షము. నీటి పక్షమున మాటలాడినవారు తక్కువ. ఈ వ్యాసము ఆ కొరతను కొంత తీర్చుటకు చేసిన ప్రయత్నము.

ప్రాచీనుల దృష్టి

చేపలను గూర్చిన రాజశాసనములు మన దేశమున మిక్కిలి పాతవి. కౌటిల్యుని అర్థశాస్త్రమున సేతువులలో, అనగా నీటికట్టడములలో లభించు చేపలపై రాజునకు స్వామ్యము చెప్పబడినది. జాలరులు తమ రాబడిలో ఆరవ వంతును చెల్లింపవలెనని నావధ్యక్ష ప్రకరణమున విధింపబడినది. అశోక చక్రవర్తి తన పట్టాభిషేకమునకు ఇరువదియారేండ్ల పిదప వ్రాయించిన ఐదవ స్తంభశాసనమున చాతుర్మాస్యపు పున్నములయందును, తిష్య పున్నమినాడును, పర్వదినములందును చేపలను చంపరాదు, అమ్మరాదని ఆజ్ఞాపించెను. కొన్ని జాతుల జలచరములను ఎన్నడును చంపరాదని పేర్లతో సహా చెప్పెను. జీవులున్న ఊకను తగులబెట్టరాదని కూడ ఆ శాసనముననే కలదు. ఆ దయకు మూలము ధర్మబుద్ధియే. అయినను నీటికిని అందలి ప్రాణులకును కొంత విరామము కావలెనన్న ఎరుకకు అది తోడ్పడినది.

క్రీ.శ. 12వ శతాబ్దమున పశ్చిమ చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదమను ప్రకరణము కలదు. సముద్రపు చేపలేవి, నదీమత్స్యములేవి, ఏ చేపకు ఏ మేత ఇష్టము అను విషయములు అందు విపులముగా వర్ణింపబడినవి. చేపకు మేత పెట్టి పెంచు విద్య మన దక్షిణాపథమునకు క్రొత్త కాదని దీనివలన తెలియుచున్నది.

చెరువును గూర్చి ఇంతకంటె ముఖ్యమైన సాక్ష్యము మన కడప మండలమున కలదు. క్రీ.శ. 1369 నాటి పోరుమామిళ్ళ శాసనము విజయనగర రాజకుమారుడైన భాస్కర భవదూరుడు త్రవ్వించిన చెరువును గూర్చినది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, చెరువునకు కలుగు ఆరు దోషములను అందు లెక్కించిరి. గట్టు నుండి నీరు స్రవించుట, నేల చవుడగుట, రెండు రాజ్యముల పొలిమేరపై చెరువుండుట, చెరువు నడుమ మెరకయుండుట దోషములు. నీరు కొంచెమై నేల విస్తారమగుట యొక దోషము. నేల కొంచెమై నీరు అధికమగుట మరియొక దోషము. ఈ చివరి రెండింటిని చదువరులు గుర్తుంచుకొన ప్రార్థన. చెరువనగా నీటికిని నేలకును నడుమ కుదిరిన సమతూకమని ఆ శాసనకర్త యెరిగెను. ఆ తూకము తప్పిననాడు చెరువు చెరువు కాదు. కొల్లేటి కథ యంతయు ఈ తూకము తప్పిన కథయే.

చేపల చెరువు మొదట ఎట్లుండెను?

చేపలను చెరువులో పెంచు వృత్తి చీనాదేశమున బహుకాలమునుండి యున్నది. క్రీ.పూ. 5వ శతాబ్దమునందలి యువే రాజ్యపు మంత్రి ఫాన్ లీ పేర చేపల పెంపకముపై ఒక చిన్న గ్రంథము ప్రసిద్ధికెక్కినది. ఆ దేశమునందలి హూజౌ ప్రాంతమున నేటికిని ఒక విచిత్రమైన ఏర్పాటు నడచుచున్నది. చెరువు గట్లపై మల్బరీ చెట్లు నాటుదురు. ఆకు పట్టుపురుగులకు మేత. పట్టుపురుగుల పెంటయు, పట్టు తీసిన పిదప మిగిలిన పురుగులును చేపలకు మేత. చెరువడుగున చేరిన బురదను తోడి మరల మల్బరీ చెట్ల మొదళ్ళకు పోయుదురు. ఒకచోట వ్యర్థమైనది వేరొకచోట ఎరువగును. బయటకు పారవేయవలసినది మిగులదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2017లో దీనిని ప్రపంచ వ్యవసాయ వారసత్వములలో చేర్చినది.

మన దేశముననే ఇట్టి యుదాహరణము కలకత్తాకు తూర్పున కలదు. ఆ మహానగరపు మురుగునీరు అచ్చటి భేరీలను లోతులేని చెరువులలోనికి చేరును. ఎండ తగిలి నీటిలో సూక్ష్మమైన నాచు పెరుగును. మురుగులోని సారమును నాచు గ్రహించును. నాచును చేపలు తినును. తేరిన నీరు వరిపొలములకు పారును. ఇచ్చట చేపల పెంపకము నీటిని చెరచుటకు మారుగా నీటిని శుభ్రపరచుచున్నది. నగరమునకు చేపలును దొరకుచున్నవి.

ఇందొక చిత్రమైన సంగతి చెప్పవలెను. ప్రపంచ ప్రాముఖ్యముగల చిత్తడినేలల రాంసర్ జాబితాలో ఈ తూర్పు కలకత్తా నేలలును, మన కొల్లేరును ఒక్కనాడే, 2002 ఆగస్టు 19వ తేదీననే చేర్చబడినవి. ఒకచోట చేపల చెరువులను కాపాడుటకు ఆ గౌరవము కావలసివచ్చెను. వేరొకచోట చేపల చెరువుల నుండి కాపాడుటకు కావలసివచ్చెను. కనుక దోషము చేపయందు లేదు. పెంచు తీరునందున్నది.

కొల్లేటి స్వభావము

కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న పల్లపునేల. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మున్నగు ఏరులును, డెల్టా మురుగు కాలువలును దీనిలో కలియును. వెలుపలికి పోవు దారి ఉప్పుటేరొక్కటే. అది ఇంచుమించు 60 కిలోమీటర్లు పారి సముద్రమున కలియును. వానకాలమున కొల్లేరు వరదను కడుపున దాచుకొని మెల్లమెల్లగా వదలును, వేసవిలో తగ్గిపోవును. సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తు వరకు నీరున్నప్పుడు దీని విస్తీర్ణము 308 చదరపు కిలోమీటర్లు. నీరు 10 అడుగుల ఎత్తునకు చేరినచో 900 చదరపు కిలోమీటర్లు నిండును. ఇట్లు పెరుగుచు తగ్గుచు నుండుటయే దాని ప్రాణము. మంచినీటి ఒత్తిడి తగ్గినచో సముద్రపు ఉప్పునీరు ఉప్పుటేటి వెంట పైకి ప్రాకును.

ఈ సరస్సు మన సాహిత్యమునకును శాసనములకును పరిచితమే. దండి దశకుమారచరితమున మంత్రగుప్తుని కథ కలదు. పెదవి నొచ్చుటచే ఆతడు ఓష్ఠ్యాక్షరములు లేకుండ తన కథ చెప్పెను. అందాంధ్రనగర సమీపమున సముద్రమువలెనున్నదని వర్ణింపబడిన సరస్సు కొల్లేరేయని పండితుల మతము. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనమున రెండవ పులకేశి పిష్టపుర విజయము పిదప కునాల జలములకడ ఘోరముగా పోరాడినట్లున్నది. ఆ కునాలమును పెక్కురు చరిత్రకారులు కొల్లేరుగనే గుర్తించిరి. కొల్లేటికోటను పట్టుకొనలేక శత్రు సేనాని యొకడు ఉప్పుటేటిని త్రవ్వించి సరస్సు నీటిని సముద్రమునకు వదలెనని ఐతిహ్యము. ఆ కథ నిజమైనను కాకపోయినను, అందొక సత్యమున్నది: కొల్లేటి బలము దాని నీటిమార్గమునందే యున్నదని శత్రువు కూడ ఎరిగెను.

ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైన పిదప డెల్టా పచ్చబడెను. కొల్లేటి అంచులందు వరి పెరిగెను. వేసవిలో నీరు తగ్గిన నేలపై దాళ్వా వేయుచుండిరి. లంకలవారు తాటిదోనెలపై తిరిగి వలలతోను, వెదురు మావులతోను కొర్రమీను, వాలుగ, జెల్ల, ఇంగిలాయి, మట్టగిడసలను పట్టి జీవించిరి. ఆనాడు చేపకు మేత పెట్టినవారు లేరు, సరస్సే మేపెను.

చెరువుల కాలము

ఈ స్థితి మారుటకు మూలము ఒడిస్సాలో జరిగిన ఒక శాస్త్రవిజయము. బొచ్చె, శీలవతి, ఎర్రమోసు వంటి చేపలు నిలువనీటిలో గ్రుడ్లు పెట్టవు. అందుచేత పూర్వము చేపపిల్లలను వరదకాలమున నదులలో పట్టి తెచ్చుచుండిరి; వానిలో పనికిరాని జాతులును కలిసి వచ్చుచుండెను. 1957 జులై 10వ తేదీన హీరాలాల్ చౌధురి, అలికున్హి యను శాస్త్రజ్ఞులు పీయూషగ్రంథి సారమును సూదిమందుగా నిచ్చి ఈ చేపలచేత నిలువనీటిలో గ్రుడ్లు పెట్టించుటలో కృతకృత్యులైరి. ఆ దినమునే నేడు జాతీయ మత్స్యరైతుల దినముగా జరుపుచున్నారు. 1971లో మిశ్రమ మత్స్యపరిశోధనా పథకము దేశవ్యాప్తముగా ప్రారంభమయ్యెను. నీటి పైపొరలో మేయు బొచ్చెయు వెండిచేపయు, నడిమిపొరలో శీలవతి, అడుగున ఎర్రమోసు బంగారుతీగలు, గడ్డి తినుటకు గడ్డిచేప – ఇట్లు ఒకే చెరువులో ఒకదానితో నొకటి పోటీపడని జాతులను కలిపి పెంచుట ఆ విధానము. ఆలోచించినచో ఇదియు సమతూకపు సూత్రమే.

కొల్లేటిలో 1976–77 ప్రాంతమున పేదవారి మేలుకోరి ప్రభుత్వము సహకార సంఘములను ఏర్పరచి చెరువులు త్రవ్వించెను. ఉద్దేశ్యము మంచిదే. 1980 దశకమున లాభము కనబడగానే పెట్టుబడిగలవారు వచ్చిరి. సంఘపు చెరువులు పెక్కు కౌలుకు పోయెను. వానిచుట్టు ప్రైవేటు చెరువులు వెలసెను. వరిచేలు చెరువులయ్యెను, పిదప సరస్సు గర్భమే చెరువులయ్యెను. కైకలూరు, ఆకివీడు, భీమవరముల నుండి మంచుపెట్టెలలో చేపలు లారీలపై వంగదేశమునకును అస్సామునకును సాగెను. ఆంధ్రప్రదేశము చేపల ఉత్పత్తిలో దేశమునకే మొదటిదయ్యెను. వేలకొలది కుటుంబములు దీనివలన అన్నము తినినవి, పిల్లలు చదువుకొనిరి. ఈ మేలును మరచి మాటలాడుట న్యాయము కాదు.

దోషమెక్కడ?

మేలుతోపాటు వచ్చిన కీడును నాలుగు విధములుగా చెప్పవచ్చును.

మొదటిది దారి తప్పిన నీరు. గట్టుపై గట్టు లేచి సరస్సు గదులు గదులుగా విడిపోయెను. వరద నిలుచుటకు చోటును, పోవుటకు దారియు తగ్గెను. పల్లపునకు పోలేని నీరు ఎగువ ఊళ్ళలోను చేలలోను నిలువసాగెను. 2024 సెప్టెంబరు మొదటివారమున బుడమేరు విజయవాడను ముంచినపుడు, ఆ ఏరు తుదకు చేరవలసినది కొల్లేరేయను సంగతి మరల అందరికిని జ్ఞప్తికి వచ్చినది.

రెండవది మేత. తవుడు, వేరుసెనగ చెక్క, పత్తిగింజల చెక్క చెరువులో వేయుదురు. చేప తినిన మేతలోని నత్రజనిలో నాల్గవ వంతు మొదలు మూడవ వంతు వరకే దాని దేహమున నిలుచును. మిగిలినది నీటిలోను అడుగు బురదలోను చేరును. దీనికి తోడు కోళ్ళపెంట వేయుట కలదు. సారము హద్దు మీరినపుడు నాచు విపరీతముగా పెరుగును. పగలు అది ప్రాణవాయువు నిచ్చును, రాత్రి తానే పీల్చుకొనును. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువున్నచో చేపకు సుఖము. అది బాగుగ తగ్గిన తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరచుట మనము చూచినదే.

మూడవది బయటకు వదలిన నీరు. పట్టుబడి సమయమున చెరువును ఖాళీచేసి కాలువలోనికి వదలుదురు. దిగువ రైతు ఆ కాలువ నీటినే తన చెరువునకు తోడుకొనును. ఇట్లు ఒకని రోగము వేరొకనికి చేరును. 1994–95లో మన తీరపు రొయ్యల చెరువులను తెల్లమచ్చ రోగము నాశనము చేసినపుడు జరిగినది ఇదే. ఆ యనుభవము పిదపనే, 1996 డిసెంబరు 11న తీరపు రొయ్యల పెంపకముపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చెను. 2005లో తీరప్రాంత జలకృషి చట్టము వెలసెను. ఆ చట్టము ఉప్పునీటి చెరువులకే వర్తించును. కొల్లేటి మంచినీటి చెరువులకు వర్తింపదు.

నాల్గవది మందులు. రోగమునకు భయపడి విచక్షణలేక వాడిన సూక్ష్మజీవినాశకములు నీటిలోను చేపలోను నిలుచును. మనుష్యులకు అవసరమైననాడు ఆ మందులు పనిచేయకుండ పోవును. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ జాతి మందులు నిషేధింపబడినవి.

కొల్లేటిని చెరచినది చేపల చెరువులు మాత్రమే యనుట కూడ సత్యము కాదు. పట్టణముల మురుగు, కర్మాగారముల నీరు, పొలములలోని ఎరువులును పురుగుమందులును ఇందే చేరుచున్నవి. గుర్రపుడెక్క విరివిగా పెరుగుటకు ఇవన్నియు కారణములే. అయినను తన భాగమును ఒప్పుకొనక పరుని భాగమునే చూపువాడు లెక్క తేల్చజాలడు.

కూల్చివేతయు, తరువాతి కథయు

1999 అక్టోబరు 4న ప్రభుత్వము 120వ ఉత్తరువుచే 5 అడుగుల కాంటూరు వరకు కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించెను. సంప్రదాయపు చేపలవేటకు అవకాశమిచ్చి చేపల చెరువులను నిషేధించెను. ఉత్తరువు కాగితముపై నిలిచెను. చెరువులు నీటిపై నిలిచెను. తుదకు 2006లో సుప్రీంకోర్టు ఆదేశముపై ఆపరేషన్ కొల్లేరు నడచెను. యంత్రములతోను ప్రేలుడు పదార్థములతోను గట్లు తెగగొట్టబడెను. 40 వేల ఎకరములకు పైగా చెరువులు కూలినవి.

ఆనాడు సరస్సు ఊపిరి పీల్చుకొనెను. కాని గట్టు తెగిననాడు కూలి పోగొట్టుకొన్నవాడు పెట్టుబడిదారు కాడు. అతడు వేరొకచోట చెరువు చూచుకొనెను. సంఘపు చెరువులో వాటాగల వడ్డీ కులస్థుడును, గట్టుపై మేత మోసిన దళిత కూలియు దిక్కులేనివారైరి. సరస్సులో చేప తిరిగి పెరుగువరకు వారేమి తినవలెనన్న ప్రశ్నకు తగిన జవాబు దొరకలేదు. కొన్నియేండ్లకే తెగిన గట్లలో పెక్కు తిరిగి లేచినవి. 2008లో అభయారణ్యమును 3 అడుగుల కాంటూరునకు తగ్గింపవలెనని శాసనసభ తీర్మానించెను. కేంద్రము నియమించిన అజీజ్ సంఘము విచారించి తగ్గింపు తగదని చెప్పెను. వ్యాజ్యము నేటి దశాబ్దమున కూడ కోర్టు గడప దాటలేదు.

ఈ కథనుండి నాకు తోచిన నీతి యొక్కటి. గట్టు కూల్చుట ఒకనాటి పని. నీటి తూకము నిలుపుట ప్రతిదినపు పని. మొదటిదానిని ప్రభుత్వము చేయగలదు. రెండవది ఊరివారు చేయవలెను. ఊరివారికి అన్నము చూపని సంస్కరణము నిలువదు.

చక్కదిద్దు మార్గములు

అభయారణ్యపు హద్దులోపల చెరువులుండరాదన్నది శాసనము. దానిని గౌరవింపవలెను, ఏరులకును ఉప్పుటేటికిని దారి విడువవలెను. హద్దు వెలుపలనున్న చెరువులు తమ కీడును తగ్గించుకొనుటకు మార్గములు క్రొత్తవి కావు, అసాధ్యములును కావు.

మేతను చల్లక, రంధ్రములుగల సంచులలో నింపి కర్రలకు వ్రేలాడగట్టు పద్ధతి మన రైతులు కనిపెట్టుకొన్నదే. చేప వచ్చి రంధ్రమునుండి పీల్చుకొనును; సంచిలో మిగిలినది చూచి మరునాటి మేత తగ్గింపవచ్చును. ఇది మేతఖర్చును తగ్గించును, నీటిని కాపాడును. మబ్బు పట్టిననాడు మేత తగ్గించుట, కోళ్ళపెంటను మానుట దీనికి తోడగును. నీటిపై తేలు గుళికల మేత ధర యెక్కువైనను, తిన్నదెంతయో కంటికి కనబడును గనుక వ్యర్థము తగ్గును.

శీలవతినే నింపుట మాని పొరపొరకు తగిన జాతులను కలుపుట రెండవది. లెక్కకు మించి పిల్లలను వదలుట లాభమువలె కనబడును. రోగకాలమున అదియే నష్టమగును. కేంద్ర ప్రభుత్వము నిషేధించిన ఆఫ్రికా మాగురు వంటి చేపలను ఎన్నడును తేరాదు; వరదలో తప్పించుకొన్న పరదేశపు చేప మన కొర్రమీనును మట్టగిడసను మ్రింగును.

వదలు నీటిని గూర్చినది మూడవది. చెరువును ఖాళీచేయునపుడు చివర దిగు నీటిలోనే బురదయు సారమును అధికము. ఆ చివరి భాగమును నేరుగా కాలువలోనికి పోనీయక, ఒక మూలనున్న తేర్పు గుంటలోనికి మళ్ళించి కొన్ని దినములు నిలిపినచో మురికి చాలవరకు అడుగంటును. పొలము దగ్గరనున్నచో ఆ నీరు వరికి ఎరువుతో సమానము. పట్టుబడి పిదప చెరువును ఎండగట్టి, అడుగు ఒండ్రును తీసి, ఉప్పుదనము లేదని పరీక్షించి, గట్టుమీది కొబ్బరికిని అరటికిని వేసినచో హూజౌ రైతు మల్బరీకి చేసినదే మనము చేసినవారమగుదుము.

ఇవన్నియు ఒక్కడు చేసినచో ఫలము స్వల్పము. ఎగువవాడు మురికి వదలుచుండ దిగువవాడు తేర్పుగుంట త్రవ్వుట వ్యర్థమని తలచును. కనుక ఒక కాలువపైనున్న చెరువులవారందరు కలిసి, ఎవరు ఎన్నడు నీరు వదలవలెనో, ఎవరు ఎన్నడు తోడుకొనవలెనో వంతులు నిర్ణయించుకొనవలెను. వరిసాగులో నీటివంతులు మనకు తరతరములుగా తెలిసినవే. ఆ మర్యాదను చేపల చెరువులకును చాపుట కష్టము కారాదు.

మనము చేయదగినది

లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గలవాడను గనుక నాకు తోచిన చిన్న సూచన యొకటి చేసి విరమించెదను. మన ఊరిలో ధాన్యమునకు లెక్క కలదు, పాలకు లెక్క కలదు, దేవుని మాన్యమునకు లెక్క కలదు. కాలువ నీటికి మాత్రము లెక్క లేదు. మన గ్రంథాలయమున ఒక నీటి దస్త్రమును తెరువవలెనని నా మనవి. ఏ చెరువు ఏ దినమున నీరు వదలెను, కాలువ నీటి రంగెట్లున్నది, చేపలెచ్చట చచ్చి తేలినవి, ఎచ్చట ఏ పక్షులు వ్రాలినవి – ఇవి అందు వ్రాయవలెను. నీటిలోని ప్రాణవాయువును, అమ్మోనియాను చూచు చిన్న పరీక్షపెట్టెలు స్వల్పమైన ఖర్చుతోనే దొరకును. బడిపిల్లలు వారమునకొకసారి చూచి వ్రాయగలరు. ఎవరిని నిందించుటకు గాక, అందరు చూచుటకు ఆ దస్త్రము బల్లపైననే యుండవలెను. పదియేండ్లు వ్రాసినచో, మన వాదములకు అప్పుడొక ఆధారము దొరకును. శాసనకర్తలు రాతిపై చెక్కించినది ఇట్టి లెక్కనే.

కైకలూరి చెంతనున్న ఆటపాకలో అటవీశాఖవారు నిలిపిన ఇనుపమంచెలపై గూడబాతులు గూళ్ళు కట్టుకొని పిల్లలను పెంచుచున్నవి. చెట్టు పోయినను అవి మంచెతో సరిపెట్టుకొన్నవి. కాని నీరు పోయినచో సరిపెట్టుకొనుటకు వానికిని మనకును వేరొకటి లేదు. ఒకప్పుడు కొల్లేటి నీటినే కడవలతో ముంచి త్రాగిన లంకలవారు నేడు డబ్బానీరు కొని త్రాగుచున్నారు. చేపను పెంచుటకు నీటిని తీసికొన్నవాడు, తీసికొన్నట్టి నీటినే తిరిగి యీయవలెను. ఇది ఋణము, దానము కాదు. ఈ ఋణము తీర్చిననాడే చెరువు తిరిగి సంతానములలో చేరును. మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, ఆ నీటి దస్త్రమును తెరచి చదువు పిల్లలు మనలను గూర్చి మంచిమాట యనుకొందురుగాక.